మెమరీ కార్డు మీద స్వాప్ పెడితే పరికరం పరిగెడుతుందా?

ర్యామ్ తక్కువ ఉన్న చేతి లినక్సు పరికరాల్లో మెమరీ కార్డుని స్వాప్‌గా, అంటే ర్యామ్ చాలనప్పుడు అందులోని డేటాని దించిపెట్టుకునే చోటుగా, వాడుకోవడం గురించి ఈసారి చాలా ప్రశ్నలొచ్చాయి. అందుకని శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం. కమాండ్లని పలికే తీరులో తెలుగులో రాశాం. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే తెరలో) కొట్టేటప్పుడు, వేరే చెప్పిన చోట తప్ప, అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. కమాండ్ పేరు మధ్యలో ఖాళీ ఉండదు.

ప్రశ్న: మా బావగారు అమెరికాలో వాడి పక్కన పెట్టిన నోకియా ఎన్810 (పాత చేతి లినక్సు ట్యాబ్లెట్) నాకిచ్చారు. బ్రౌజర్, మ్యాపు, పుస్తకాలు చదివే ప్రోగ్రామ్ మూడూ తెరిస్తే బిగుసుకుపోతోంది. కార్డు మీద స్వాప్ పెడితే వేగం వస్తుందంటున్నారు. ఎంత పెట్టాలి, ఎలా పెట్టాలి? (తెనాలి)

జవాబు: ఉపయోగం ఉంటుంది. అయితే ప్రాసెసర్ 400 మెగాహెర్ట్జే, ర్యామ్ 128 ఎంబీయే, స్వాప్ పెట్టినా అవి మారవు. ఒక్క ప్రోగ్రామే తెరిచి వాడుకుంటే ముందుకీ ఇప్పటికీ తేడా కనిపించదు. స్వాప్ తగ్గించేది ఇరుకుని. ఇరుకు వల్ల వచ్చే నెమ్మదే మీ సమస్య అయితే తేడా బాగా తెలుస్తుంది.

ఎందుకో చూడండి. ర్యామ్‌లో ఉండే సరుకు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ప్రోగ్రాముల కోడ్. దీని అసలు ప్రతి ఫ్లాష్‌లో (పరికరం ఆపినా చెరగని మెమరీలో) ఉంటుంది కాబట్టి చోటు కావలసినప్పుడు కెర్నల్ (ర్యామ్‌ని పంచిపెట్టే లినక్సు మూల ప్రోగ్రాము) దీన్ని పారేసి, మళ్ళీ అవసరమైతే చదువుకుంటుంది. రెండోది ప్రోగ్రాము నడుస్తూ పుట్టించుకున్న డేటా: విప్పి పెట్టుకున్న బొమ్మలు, మ్యాపు ముక్కలు, మీరు సగం టైపు చేసిన ఉత్తరం. దీనికి ఇంకో ప్రతి ఎక్కడా లేదు. స్వాప్ లేని పరికరంలో కెర్నల్ ఈ రెండో రకాన్ని అంగుళం కూడా కదపలేదు. గంట క్రితం తెరిచి మర్చిపోయిన మ్యాపు డేటా అలాగే కూర్చుంటుంది. దాని బదులు ఇప్పుడు నడుస్తున్న బ్రౌజర్ కోడ్ బయటికి పోతుంది, మరుక్షణం దాన్నే మళ్ళీ ఫ్లాష్ నుంచి చదవాలి, చదవగానే ఇంకో ముక్క పోతుంది. ఎన్810లో సిస్టమ్ ఉండే ఫ్లాష్ మీద ఫైళ్ళు కుదించి ఉంటాయి కాబట్టి చదివిన ప్రతిసారీ ప్రాసెసర్ విప్పాలి కూడా. స్టైలస్‌తో తాకినా తెర పలకకుండా ఉండిపోయే ఆ పది సెకన్లలో లోపల జరుగుతున్నది ఇదే.

స్వాప్ ఉంటే ఆ మ్యాపు డేటాని అటకెక్కించవచ్చు. వంటగట్టు మీద ఇప్పుడు వండుతున్న గిన్నెలే మిగులుతాయి. అయితే అటక మీది గిన్నె కావలసినప్పుడల్లా నిచ్చెన ఎక్కాలి. పండగకి తీసే గుండిగని అటక మీద పెట్టుకుంటాం గానీ, రోజూ కాఫీ కలిపే గ్లాసుని పెట్టుకోం.

ముందు మీ పరికరానికి నిజంగా ఇరుకు ఉందో లేదో చూసుకోండి. టెర్మినల్‌లో 'ఫ్రీ' అని కొడితే మొత్తం, వాడినది, ఖాళీ ఎంతో కిలోబైట్లలో వస్తుంది. అక్కడ ఖాళీ తక్కువ కనబడగానే కంగారు పడకండి. మిగిలిన ర్యామ్‌ని లినక్సు ఫైళ్ళు దాచుకోవడానికి వాడుకుంటుంది, అవసరమైతే వదిలేస్తుంది. బఫర్లు, క్యాష్ (ఇలా ఫైళ్ళకి వాడుకున్న ర్యామ్) కలిపి చూసినా పది, పన్నెండు ఎంబీకి మించి మిగలకపోతేనే అది ఇరుకు.

స్వాప్ పెట్టడానికి రూట్ అధికారం (సిస్టమ్‌లో ఏదైనా మార్చగల పూర్తి అధికారం) అక్కర్లేదు. పరికరాన్ని పీసీకి కలిపి ఉంటే ముందు కేబుల్ తీసేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో 'మెమరీ' తెరిచి, 'వర్చువల్' అనే ట్యాబ్‌కి వెళ్ళి, వర్చువల్ మెమరీ పెంచమని టిక్ పెట్టి, సైజు 128 ఎంబీ ఎంచుకోండి. ఆ తెర అంతకు మించి ఇవ్వదు. లోపలి మెమరీలో (ఎన్810కి అదే లోపలి మెమరీ కార్డు) ఆ మేరకు ఖాళీ ఉండాలి. సిస్టమ్ ఆ 2 జీబీ లోపలి మెమరీలో చుక్కతో మొదలయ్యే పేరుతో ఒక ఫైలు తయారు చేసుకుంటుంది. పేరు ముందు చుక్క ఉండటంతో ఫైల్ మేనేజర్‌లో కనబడదు. పీసీలో కనిపిస్తే పనికిరానిదనుకుని చెరిపేయకండి. తర్వాత ఒకసారి రీబూట్ చేసి, 'ఫ్రీ' కొట్టి, స్వాప్ వరుసలో సున్నా కాక సుమారు 1,31,000 కనబడుతోందో లేదో చూడండి.

128 ఎంబీ చాలు. రూట్ తీసుకుని 512 పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, మేము వద్దంటాం. ఒకే సమయంలో చురుగ్గా వాడుతున్న డేటా ర్యామ్‌ని దాటిపోతే ఎంత పెద్ద స్వాప్ ఉన్నా పేజీలు (కెర్నల్ ర్యామ్‌ని విడగొట్టుకునే చిన్న ముక్కలు) అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. చిన్న స్వాప్ ఉంటే కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రాముని చంపి మిగతావాటిని బతికిస్తుంది. పెద్దది ఉంటే ఆ యాతన నిమిషాల తరబడి సాగుతుంది.

తిరుగుడు ఎంత ఉందో కొలవడం తేలిక. 'ప్రాక్' ఫోల్డర్‌లో 'వీఎంస్టాట్' అనే ఫైలుని 'క్యాట్' కమాండ్‌తో తెరవండి. అందులో పీస్వాప్ఇన్, పీస్వాప్అవుట్ అని, స్వాప్‌లో అచ్చు లేకుండా, రెండు వరుసలుంటాయి (పీ, ఎస్, డబ్ల్యూ, పీ తర్వాత ఇన్ లేదా అవుట్). బూట్ అయినప్పటి నుంచి ఎన్ని పేజీలు స్వాప్ నుంచి లోపలికొచ్చాయో, ఎన్ని బయటికెళ్ళాయో ఆ అంకెలు చెబుతాయి. పేజీ అంటే 4 కేబీ. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చూడండి. ఉదాహరణకి అవుట్ అంకె 18,240 నుంచి 20,740కి పెరిగిందంటే 2,500 పేజీలు, అంటే దాదాపు 10 ఎంబీ, సెకనుకి 1 ఎంబీ. ప్రోగ్రాము మార్చినప్పుడు ఒక్క విడత ఇలా కదిలి ఆగిపోతే ఆరోగ్యమే. మీరేమీ మార్చకుండా పుస్తకంలో ఒకే పేజీ చదువుతున్నా రెండు అంకెలూ పరిగెడుతుంటే ఒక ప్రోగ్రాము మూసేయడం తప్ప మందు లేదు.

స్వాప్ ఉన్న లోపలి మెమరీని పీసీకి అప్పగించేటప్పుడు చిక్కొస్తుంది. సిస్టమ్ ముందు స్వాప్ ఆపాలి. స్వాప్‌లో ఉన్నదంతా పట్టేంత ర్యామ్ ఖాళీ లేకపోతే ఆపడం కుదరదు, కార్డు వాడకంలో ఉందన్న సందేశం వస్తుంది. ప్రోగ్రాములన్నీ మూసేసి మళ్ళీ కేబుల్ పెట్టండి. మ్యాపులు, పుస్తకాలు బయటి కార్డులో పెట్టుకుని, స్వాప్‌ని లోపలి మెమరీలోనే ఉంచండి. చదవడం ఒకచోట, స్వాప్ ఇంకోచోట జరుగుతాయి, పైగా పొరపాటున ఊడబెరికే ప్రమాదం లేదు.

ఇంకో మాట. ఈనాటి వెబ్‌సైట్లు దీని బ్రౌజర్‌లో సరిగా రావు. అది స్వాప్ తీర్చే కొరత కాదు, ఆ బ్రౌజర్ కాలం వేరు. పుస్తకాలకి, టెర్మినల్ నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్ళడానికి, ఆఫ్‌లైన్ మ్యాపులకి మాత్రం ఆ 800×480 తెర ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

ప్రశ్న: స్వాప్ కోసమే కొత్త కార్డు కొందామనుకుంటున్నా. క్లాస్ 10, యూ3, ఏ1, ఏ2 అని ఏవేవో గుర్తులు. పెట్టె మీద 100 ఎంబీ పర్ సెకండ్ అని ఉన్నది తీసుకుంటే సరిపోతుందా? (వరంగల్)

జవాబు: ఆ 100 మీకు పనికిరాదు. అది పెద్ద ఫైలుని వరసగా చదివే వేగం. క్లాస్ 10, యూ3 గుర్తులు వరసగా రాసే వేగానికి హామీ: క్లాస్ 10 అంటే సెకనుకి కనీసం 10 ఎంబీ, యూ3 అంటే 30. ఇవి వీడియో తీసేవాళ్ళ కోసం పుట్టినవి. స్వాప్ రాసేది 4 కేబీ ముక్కలు, అక్కడొకటి ఇక్కడొకటి.

ఫ్లాష్ మెమరీలో ఒక్క ముక్కని ఉన్నచోటే చెరిపి రాయడం కుదరదు. చెరపడం పెద్ద పెద్ద బ్లాకుల్లోనే జరుగుతుంది. అందుకని చవక కార్డులోని కంట్రోలర్ (కార్డుని నడిపే చిప్పు) 4 కేబీ రాయడానికి చుట్టుపక్కల ఉన్నదాన్ని కూడా ఎత్తి వేరేచోట పేర్చాల్సి వస్తుంది. వరసగా సెకనుకి 20 ఎంబీ రాసే కార్డు ఇలా చిల్లరగా రాసేటప్పుడు 1 ఎంబీ కూడా దాటకపోవడం మామూలే.

మీరు చూడాల్సిన గుర్తు ఏ1. ఆ గుర్తుకి సెకనుకి కనీసం 1,500 చిల్లర చదువులు, 500 చిల్లర రాతలు జరగాలి. 500 రాతలు, ఒక్కోటి 4 కేబీ, అంటే సెకనుకి 2 ఎంబీ. ఈ లెక్కన 60 ఎంబీ బ్రౌజర్ డేటాని స్వాప్‌లోకి నెట్టడానికి అర నిమిషం, మొత్తం వెనక్కి తేవడానికి పది సెకన్లు. మంచి కార్డుకి కనీస హామీయే ఇది. నిజంగా కొన్నప్పుడు ఇంతకన్నా బాగానే ఉంటుంది, కానీ స్వాప్ ర్యామ్‌కి బదులు కాదని ఈ లెక్క చూస్తే తెలిసిపోతుంది.

ఏ2 గుర్తుకి 4,000 చదువులు, 2,000 రాతలు. వినడానికి బాగుంది. అయితే ఆ అంకెలు రావాలంటే కార్డు లోపలి క్యాష్‌ని, కమాండ్ల వరసని పరికరం కూడా వాడుకోగలగాలి. పాత పరికరాలకి అది చేతకాదు, వాటిలో కొన్ని ఏ2 కార్డులు ఏ1 కన్నా వెనకబడతాయి. పాత చేతి పరికరానికి పేరున్న కంపెనీ ఏ1 కార్డు, 32 జీబీ, చాలు. ఎస్‌డీహెచ్‌సీ రకం 32 జీబీ దగ్గరే ఆగుతుంది కాబట్టి పాతవాటితో పేచీ తక్కువ.

కొన్నాక రెండు పరీక్షలు చేయండి. మొదటిది నకిలీ పరీక్ష. లినక్సు పీసీలో 'ఎఫ్3' అనే ప్యాకేజీ వేసుకుని, ఎఫ్3రైట్‌తో కార్డంతా నింపి, ఎఫ్3రీడ్‌తో సరిచూడండి. లోపల 8 జీబీ ఉండి పైన 64 అని చెప్పుకునే కార్డులు దొరుకుతూనే ఉన్నాయి. ఫొటోలు పోతే ఫొటోలే పోతాయి. స్వాప్ రాసిన పేజీ తప్పుగా తిరిగొస్తే మాత్రం ఏ ప్రోగ్రాము ఎందుకు పడిపోయిందో ఎన్నాళ్ళు వెతికినా దొరకదు. రెండోది వేగం. రాస్ప్‌బెర్రీ పై ఉన్నవాళ్ళు దాని మెనూలో డయాగ్నస్టిక్స్ ప్రోగ్రాము వేసుకుంటే, కార్డు ఏ1 కొలతల్ని అందుకుందో లేదో అదే చెబుతుంది. లేనివాళ్ళు 'ఫియో' అనే పరీక్ష ప్రోగ్రాములో ర్యాండమ్ రైట్, బ్లాక్ సైజు 4 కే, డైరెక్ట్ 1 అని పెట్టి అర నిమిషం నడపండి. డైరెక్ట్ పెట్టకపోతే కొలిచేది మీ పీసీ ర్యామ్ వేగాన్ని.

ప్రశ్న: నోకియా ఎన్900 ఫోన్‌లో స్వాప్‌ని మైక్రో ఎస్‌డీ కార్డుకి మార్చాను. రెండు వారాలు బ్రహ్మాండంగా ఉంది. మొన్న సిమ్ చూద్దామని వెనక మూత తీయగానే ఫోన్ గడ్డకట్టుకుపోయి రీబూట్ అయింది. కార్డు పాడైందా? (విజయనగరం)

జవాబు: కార్డు బాగానే ఉండి ఉంటుంది. ఎన్900 మూతలో చిన్న అయస్కాంతం ఉంటుంది. మూత తీశారని ఫోన్‌కి తెలిసేది దానివల్లే. తెలియగానే, మీరు కార్డు తీయబోతున్నారని అనుకుని కార్డుని వదిలేస్తుంది. మామూలు ఫైళ్ళకి ఇది రక్షణ. స్వాప్ దాని మీదే ఉంటే సగం ప్రోగ్రాముల డేటా ఉన్నట్టుండి కళ్ళెదుట మాయమైనట్టే, ఇక ఫోన్ నిలబడదు. మూత తీసే ముందు ఫోన్ ఆపేయండి, లేదా ముందు స్వాప్‌ని లోపలి మెమరీకి మార్చండి. వదులైన మూత జేబులో కాస్త లేచినా ఇదే జరుగుతుంది.

స్వాప్‌ని మార్చాలనే మీ ఆలోచన మాత్రం సరైనదే. ఎన్900కి 256 ఎంబీ ర్యామ్, లోపలి 32 జీబీ మెమరీ మూడో పార్టిషన్‌లో (విభాగంలో) 768 ఎంబీ స్వాప్ ముందే ఉంటాయి. చిక్కల్లా ఆ ఒక్క చిప్పు మీదే మీ ఫొటోలు, హోమ్ ఫోల్డరు, వేసుకున్న ప్రోగ్రాములు కూడా ఉండటం. పాట వింటూ, ప్రోగ్రాము తెరుస్తూ, స్వాప్ రాస్తుంటే అన్నీ ఒకే వరసలో నిలబడాలి. మైక్రో ఎస్‌డీకి దారి వేరు కాబట్టి రద్దీ తగ్గుతుంది.

కొత్తగా చేసేవాళ్ళ కోసం క్రమం చెబుతాం. కార్డుని పీసీలో పెట్టి మొదటి పార్టిషన్ ఫ్యాట్‌గా (మామూలు కార్డుల ఫైళ్ళ పద్ధతిలో), దాని వెనక 768 ఎంబీవి రెండు స్వాప్ పార్టిషన్లు చేయండి. ఫ్యాట్ ముందు లేకపోతే ఫోన్ కార్డుని గుర్తుపట్టడంలో తడబడుతుంది. ఒక్కో పార్టిషన్ 4 ఎంబీ గుణిజం దగ్గర మొదలవ్వాలి. సెక్టార్లలో చెప్పాలంటే 8,192 గుణిజాలు. పార్టిషన్ బ్లాకు మధ్యలో మొదలైతే కార్డుకి అనవసరపు రాతలు పెరుగుతాయి. తర్వాత ఫోన్‌లో రూట్‌గా రెండింటికీ 'ఎంకేస్వాప్' చేసి (స్వాప్‌గా సిద్ధం చేసి), మొదటిదానికి 'స్వాప్ఆన్' (వాడకం మొదలు), ఆ తర్వాతే లోపలి పాతదానికి 'స్వాప్ఆఫ్' (వాడకం ఆపు). ఈ వరస తిరగబడకూడదు. ముందు పాతది ఆపితే అందులో ఉన్నదంతా ర్యామ్‌లోకి రావాలి, చోటుండదు.

రెండు పార్టిషన్లు ఎందుకంటే, ఫోన్ వారం రోజులు ఆపకుండా నడిచాక మళ్ళీ నెమ్మదిస్తుంది. కొత్త స్వాప్‌లో కెర్నల్ ఖాళీ చోటుని ఒక్కో ఎంబీ చొప్పున వరసగా వాడుకుంటుంది, అది కార్డుకి ఇష్టమైన పద్ధతి. రోజులు గడిచేకొద్దీ మధ్యమధ్య ఖాళీలు పడి, రాతలు చిల్లరైపోతాయి. అప్పుడు రెండో పార్టిషన్‌కి స్వాప్ఆన్, మొదటిదానికి స్వాప్ఆఫ్ చేస్తే అంతా మళ్ళీ వరసగా పేరుస్తుంది. మొదటిది ఖాళీ కావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. రాత్రి ఛార్జింగ్‌లో పెట్టినప్పుడు చేసుకోండి.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూతో చిన్న తెర, కీబోర్డు కలిపి చేతి కంప్యూటర్ చేసుకున్నాను. 512 ఎంబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో రెండు ట్యాబులు కూడా కష్టం. కార్డు మీద 2 జీబీ స్వాప్ పెట్టాను, ఇంకా నెమ్మదించింది. (హైదరాబాద్)

జవాబు: మీ పరికరంలో సిస్టమ్ కూడా అదే కార్డు మీద ఉంది. స్వాప్ రాస్తున్నంతసేపూ ప్రోగ్రాముల కోడ్ చదవడానికి దారి ఉండదు. 'వీఎంస్టాట్ 1' అని కొట్టి చూడండి, సెకనుకో వరుస వస్తుంది. మొదటి వరుస బూట్ నుంచి సగటు కాబట్టి వదిలేయండి. ఎస్‌ఐ, ఎస్‌ఓ గడులు స్వాప్ రాకపోకలు. డబ్ల్యూఏ గడి, ప్రాసెసర్ కార్డు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డ శాతం. బ్రౌజర్ తెరిచినప్పుడు అక్కడ 50, 60 కనిపిస్తుంటే కారణం చేతికి చిక్కినట్టే.

మీకు ముందు కావలసింది జెడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌లా చూపించి, అందులోకి వెళ్ళే పేజీల్ని కుదించి పెట్టే ఏర్పాటు ఇది. 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి లినక్సులో భాగం. మామూలుగా పేజీలు సగానికో మూడో వంతుకో కుదురుతాయి. కుదించడానికి మీ నాలుగు కోర్ల ప్రాసెసర్‌కి పట్టే సమయం, కార్డు మీద రాసే సమయం ముందు లెక్కలోకే రాదు.

పద్ధతి ఇది. ఏపీటీతో (ప్రోగ్రాములు వేసే కమాండ్) 'జెడ్‌ర్యామ్-టూల్స్' ప్యాకేజీ వేయండి. మీ సిస్టమ్ కొత్త వెర్షనైతే ముందు 'జెడ్‌ర్యామ్‌సీటీఎల్' కొట్టండి. అప్పటికే ఒకటి కనిపిస్తే మళ్ళీ వేయక్కర్లేదు. తర్వాత ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డరులోని 'జెడ్‌ర్యామ్‌స్వాప్' ఫైలు తెరిచి, ఆల్గో వరుసలో ఎల్‌జెడ్4, పర్సెంట్ వరుసలో 50, ప్రయారిటీ వరుసలో 100 పెట్టండి. ఈ మూడు పేర్లూ ఫైలులో పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ముందున్న హ్యాష్ గుర్తు తీసేయాలి. సేవ్ చేసి జెడ్‌ర్యామ్‌స్వాప్ సర్వీసుని సిస్టమ్‌సీటీఎల్‌తో రీస్టార్ట్ చేయండి. 'స్వాప్ఆన్' పక్కన రెండు గీతలు పెట్టి 'షో' అని కొడితే ఏ స్వాప్‌కి ఎంత ప్రాధాన్యమో కనిపిస్తుంది.

కార్డు మీది 2 జీబీని 512 ఎంబీకి తగ్గించి, ప్రాధాన్యం 10 ఇవ్వండి. పెద్ద అంకె ఉన్నది ముందు నిండుతుంది కాబట్టి జెడ్‌ర్యామ్ నిండాకే కార్డు వంతు. ఫైలు తయారు చేసేటప్పుడు డీడీ కమాండ్‌నే నమ్ముకోండి: ఐఎఫ్‌కి డెవ్‌లోని జీరో, ఓఎఫ్‌కి మీ ఫైలు పేరు, బీఎస్ 1ఎం (ఈ ఎం ఒక్కటీ పెద్దక్షరం), కౌంట్ 512. 'ట్రంకేట్' వంటి వాటితో చేసిన ఫైలు పైకి 512 కనిపించినా లోపల బోలుగా ఉంటుంది, ఫైలులో రంధ్రాలున్నాయని స్వాప్ఆన్ తిప్పి కొడుతుంది. తర్వాత సీహెచ్‌మాడ్ 600. అది మరిచిపోతే మీ స్వాప్‌లో ఉన్న పాస్‌వర్డుల్ని ఎవరైనా చదువుకోవచ్చు. ఆపైన ఎంకేస్వాప్, స్వాప్ఆన్ పీ 10 (పీ ముందు ఒక గీత). ఎప్పటికీ ఉండాలంటే ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయినప్పుడు ఏ డిస్కులు, స్వాప్‌లు వాడాలో రాసి ఉండే ఫైలులో) వరుస రాయండి, ఆప్షన్ల చోట 'పీఆర్ఐ=10'. స్వాప్ విడిగా తీయగలిగే కార్డు మీద ఉంటే దాని పక్కనే 'నోఫెయిల్' కూడా చేర్చి, పరికరం పేరు బదులు యూయూఐడీ (ఆ స్వాప్‌కి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) వాడండి. నోఫెయిల్ లేకపోతే, కార్డు లేని రోజు బూట్ దాని కోసం 90 సెకన్లు ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఈ జోడీలో ఒక లోపం ఉంది, చెప్పాల్సిందే. ముందు అటకెక్కేవి అందరికన్నా పాత, ఎవరూ అడగని పేజీలు. అవి వేగమైన జెడ్‌ర్యామ్‌ని ఆక్రమించి కదలవు. తర్వాత వచ్చే, ఎక్కువగా అవసరపడే పేజీలు పోయి నెమ్మదైన కార్డు మీద పడతాయి. రోజుల తరబడి ఆపకుండా నడిపే పరికరమైతే ఇది తెలుస్తుంది. అలాంటప్పుడు జెడ్‌ర్యామ్ తీసేసి జెడ్‌స్వాప్ వాడండి. అది కార్డు స్వాప్ ముందు నిలబడి, పేజీల్ని కుదించి ర్యామ్‌లో పెట్టుకుంటూ, పాతబడినవాటినే కార్డుకి పంపుతుంది. బూట్ కమాండ్ వరుసలో 'జెడ్‌స్వాప్.ఎనేబుల్డ్=1' చేరిస్తే చాలు. రెండూ కలిపి మాత్రం పెట్టొద్దు, ఒకసారి కుదించినదాన్ని మళ్ళీ కుదిస్తూ ప్రాసెసర్ అలిసిపోతుంది. రోజూ ఆపి తెరిచే మీ చేతి కంప్యూటర్‌కి జెడ్‌ర్యామే మంచిదని మా అభిప్రాయం.

ప్రశ్న: స్వాపీనెస్ 10 పెట్టమని అందరూ అంటున్నారు. పెట్టాలా? (బెంగళూరు)

జవాబు: స్వాపీనెస్ అంటే కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే అంకె. మామూలుగా అది 60 ఉంటుంది. తగ్గిస్తే కెర్నల్ స్వాప్ బదులు ఫైళ్ళ క్యాష్‌ని ముందు పారేస్తుంది. సిస్టమ్ ఫైళ్ళూ స్వాప్ కూడా ఒకే కార్డు మీద ఉంటే, రాయడం తగ్గి చదవడం పెరుగుతుంది. నెమ్మదైన కార్డుకి కొంత మేలు, అద్భుతమేం కాదు. 30 దగ్గర మొదలుపెట్టి చూడండి. జెడ్‌ర్యామ్ ఉంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ స్వాప్ చవక, కార్డు నుంచి ఫైలు చదవడం ఖరీదు, కాబట్టి 100 గానీ ఇంకా ఎక్కువ గానీ పెట్టాలి. 5.8 కెర్నల్ నుంచి 200 దాకా ఒప్పుకుంటుంది. దానితోపాటు 'పేజ్-క్లస్టర్' విలువ 3 నుంచి 0 చేయండి. 3 ఉంటే ఒక పేజీ అడిగినప్పుడు పక్కవి కూడా కలిపి ఎనిమిది తెస్తుంది. కార్డుకి అది లాభం, జెడ్‌ర్యామ్‌కి వృథా.

ప్రశ్న: 128 ఎంబీ ర్యామ్ ఉన్న చిన్న లినక్సు గేమ్ పరికరం కొన్నాను. స్వాప్ పెడితే ఆటలు వేగంగా నడుస్తాయా? (కాకినాడ)

జవాబు: నడవవు. పాత ఆటలు మొత్తంగా ర్యామ్‌లో పట్టేస్తాయి, వాటికి కావలసింది ప్రాసెసర్. పెద్ద ఆట తెరవగానే మూసుకుపోతుంటే మాత్రం 128 ఎంబీ స్వాప్ దాన్ని తెరుచుకోనిస్తుంది. ఆట మధ్యలో తెర ఒక్క క్షణం ఆగి సాగుతుంటే ఆ పేజీలు కార్డు నుంచి వస్తున్నాయని అర్థం. ఇలాంటి పరికరాల కార్డు ఎక్కువగా ఫ్యాట్32లోనే ఉంటుంది. దాని మీద స్వాప్ ఫైలు పనిచేస్తుంది, పార్టిషన్లు మార్చే పని పెట్టుకోకండి.

ప్రశ్న: స్వాప్ పెడితే కార్డు త్వరగా చచ్చిపోతుందంటారు. సీసీటీవీల కోసం అమ్మే హై ఎండ్యూరెన్స్ కార్డు వాడొచ్చా? (కర్నూలు)

జవాబు: ఎంత రాస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పైన చెప్పిన వీఎంస్టాట్ ఫైలులోని అవుట్ అంకెని పొద్దున, రాత్రి రాసుకోండి. తేడాని 4 కేబీతో హెచ్చిస్తే రోజుకి ఎంత రాశారో వస్తుంది. రోజుకి కొన్ని వందల ఎంబీ అయితే 32 జీబీ మంచి కార్డుకి ఏళ్ళ తరబడి ఢోకా లేదు. రోజుకి పది, ఇరవై జీబీ దాటుతుంటే కార్డు కన్నా ముందు మీ ఓపిక అరిగిపోతుంది. అది ర్యామ్ చాలని పరికరం, ప్రోగ్రాములు తగ్గించుకోవాలి. కార్డు చిన్నదైతే త్వరగా అరుగుతుంది, ఎందుకంటే అరుగుదలని పంచుకునే బ్లాకులు తక్కువ. అందుకే 512 ఎంబీ స్వాప్ కోసం దొరికింది కదా అని పాత 2 జీబీ కార్డు వాడొద్దంటాం.

హై ఎండ్యూరెన్స్ కార్డులు ఎక్కువ రాతల్ని ఓర్చుకుంటాయి. అయితే అవి వీడియోని వరసగా రాయడానికి చేసినవి, చిల్లర రాతల వేగానికి అన్నిటికీ హామీ ఉండదు. ఏ1 గుర్తు కూడా ఉన్నది దొరికితే తీసుకోండి. అరిగిపోతున్న కార్డు కొన్నిసార్లు ముందే చెబుతుంది: డీఎంఈఎస్‌జీ కమాండ్ కొట్టినప్పుడు ఎంఎంసీ పేరుతో ఐ/ఓ ఎర్రర్ (చదవడమో రాయడమో కుదరలేదన్న) వరుసలు ఒకటీ రెండూ కనబడటం మొదలవుతుంది. ఒక్కటి కనిపించినా ఆ రోజే స్వాప్ఆఫ్ చేసి కార్డు మార్చండి. అదే కార్డు మీద సిస్టమ్ కూడా ఉంటే, స్వాప్ఆఫ్ చేశాక ముందు మీ ఫైళ్ళు పీసీలోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే రీబూట్ చేయండి.